సత్యవాణి గారి క్యారేజీ

మా బాంబూఫ్లాట్ తెలుగు సంస్కార సమితికి సంస్కారం మీద బెంగ ఏడాది పొడవునా ఉంటుంది. కాని ఆ బెంగను వీధిలోకి తెచ్చి నలుగురికీ చూపించుకునే అవకాశం ఎప్పుడో గాని రాదు. ఉగాదికి పచ్చడి పంచుతారు. వినాయకుడి పందిట్లో మైకు కోసం పోట్లాడుకుంటారు. ఆ తర్వాత మళ్ళీ పండగ వచ్చేదాకా ఫోన్లో ఒకరికొకరు పువ్వుల బొమ్మలు పంపుకుంటూ సంస్కృతిని నిలబెడతారు. అందుకే, పోర్ట్ బ్లెయిర్‌లో ఆదివారం పొద్దున ప్రైడ్ వాక్ జరుగుతుందని, ఆడవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు రంగుల జెండాలు పట్టుకుని అబర్డీన్ బజార్ గడియార స్తంభం దగ్గర్నుంచి మెరీనా పార్కు దాకా నడుస్తారని తెలిసినప్పుడు, సభ్యుల మొహాల్లో కనిపించింది కోపమని నేను చెప్పలేను. చాలాకాలానికి పని దొరికిన మనుషుల మొహాల్లో ఉండే కళ అది.

నేను ఆ సమితికి గౌరవ సలహాదారుని. విశాఖపట్నంలో ఎమ్మే చదివి, ఈ దీవికి వచ్చి, రిటైరయ్యేదాకా పిల్లలకు తెలుగు చెప్పినందుకు ఇచ్చిన పదవి. ఇంతవరకూ నన్ను ఎవరూ ఏ సలహా అడగలేదు. అదీ ఒక దయే అనుకుంటాను.

సమావేశంలో కార్యదర్శి రామ్‌ప్రసాద్ లేచాడు. అబర్డీన్ బజార్లో ఫోన్ కవర్లు, ఛార్జర్లు అమ్మే దుకాణం అతనిది. దుకాణం పైనే కాపురం. భార్య పురిటికి కాకినాడ వెళ్ళడంతో ఒంటరిగా ఉంటున్నాడు. చిన్నప్పుడు నా తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, ముందు బెంచీలో ఎవరు మాట్లాడారో లేచి చెప్పేవాడు. అప్పట్నుంచీ ఆ పనే చేస్తున్నాడు. బెంచీలు మారాయంతే.

"మనం గొడవకెళ్ళట్లేదండీ," అన్నాడు. "చెయ్యి చేసుకోవడం మన సంస్కారం కాదు. ఊరికే రోడ్డుకి ఇవతల నిలబడతాం. ఫోన్లు తీస్తాం. వాళ్ళలో మన తెలుగు పిల్లలెవరున్నారో చూసి, ఫొటోలు గ్రూపులో పెడతాం. వాళ్ళ ఇళ్ళకి పంపిస్తాం. బస్. మిగతాది ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. తన చెయ్యి ఎత్తకుండా, కన్నతండ్రి చెయ్యి ఎత్తించడాన్ని అహింస అంటారని నాకు ఆరోజు తెలిసింది. వక్కపొడి పొట్లం నా దాకా వచ్చింది. తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించాను. నా నిరసన ఆమాత్రమే.

మర్నాడు సాయంత్రం సుష్మ మా ఇంటికొచ్చింది. జెట్టీ దగ్గర స్కూటర్లు బాగుచేసే గవరయ్య కూతురు. పోర్ట్ బ్లెయిర్‌లో మందుల షాపులో పని చేస్తుంది. రోజూ పడవ మీద వెళ్ళి వస్తుంది. నా భార్య నూకరత్నం చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, డ్యూటీ అయ్యాక వచ్చి మంచం పక్కన కూర్చుని జడ వేసేది. ఆ జడ వేయడంలోనే ఎప్పుడో తన సంగతి రత్నంతో చెప్పుకుంది. రత్నం నాతో ఒక్క మాటే అంది: "ఆ పిల్లని పెళ్ళి పెళ్ళి అని మీరెప్పుడూ విసిగించకండి." మిగతాది నేను అర్థం చేసుకోవాలని వదిలేసింది. ఆవిడ నన్ను అంత తెలివైనవాడిగా లెక్కవేసింది గదా అని ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

"మాస్టారూ, ఆదివారం నేను వెళ్తున్నా," అంది సుష్మ. "పింకీతో."

పింకీ సిప్పీఘాట్‌లో మొక్కల నర్సరీ నడిపే అమ్మాయి. ఆ పిల్ల ఎవరో, ఏమిటో వాళ్ళింట్లో తెలుసు. తిట్టుకుని, ఏడ్చుకుని, చివరికి భోజనానికి రమ్మన్నారు. సుష్మ ఇంట్లో తెలియదు.

"రామ్‌ప్రసాద్ వాళ్ళు ఫొటోలు తీస్తారట, తెలుసా?" అన్నాను.

"మాలూమ్. అందుకే ఫుల్ తయారీ." వేళ్ళు మడుస్తూ చెప్పింది. "మాస్కు, టోపీ, నాన్న పొడుగు చేతుల చొక్కా. సముద్రం వైపు నడవాలి, రోడ్డు వైపు కాదు. ఫోన్ సైలెంటు, కానీ ఫుల్ ఛార్జింగు. పక్కన ఒకళ్ళుండాలి, వదలకూడదు. ఇంటికొచ్చే ముందు మొహం కడుక్కోవాలి, రంగులుంటాయి కదా. ఇంకా... మేం ఎక్కడున్నామో బయట ఒక నమ్మకమైన మనిషికి తెలిసుండాలి. వో ఆప్ హై."

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కింది. మ్యాపు మీద చిన్న నీలం చుక్క వచ్చింది. అది తనట.

"ఇంత భయపడుతూ వెళ్ళడమెందుకే?" అన్నాను.

"నా వయసు వాళ్ళందరూ జాతరకెళ్తారు, పెళ్ళిళ్ళకెళ్తారు, మాస్టారూ. అక్కడ వాళ్ళెవరో వాళ్ళలాగే ఉంటారు. నాకు ఒక్కపూట అలా నడవాలనుంది. ఫొటో నాన్న ఫోన్లోకొచ్చిందనుకోండి, ఖేల్ ఖతమ్. కొట్టడు. అలాంటివాడు కాదు. షాపు మానిపిస్తాడు. వైజాగ్ ఓడకి టికెట్ తీస్తాడు. అక్కడ అత్త కొడుకు రెడీగా ఉన్నాడు. ఈ జెట్టీ మళ్ళీ చూడను."

మా ఇంట్లో రెండు గొడుగులున్నాయి. పెద్దది ఇచ్చాను.

ఆదివారం పొద్దున, మనసాగక జెట్టీకి వెళ్ళాను. అప్పటికే పడవ తాడు విప్పారు. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని సుష్మ కనిపించింది. మాస్కు, టోపీ ఇంకా సంచిలోనే ఉన్నట్టున్నాయి. ఆదివారం కూడా డ్యూటీ ఉందని ఇంట్లో చెప్పి వచ్చింది కాబట్టి మామూలుగానే ఉంది. ఒక చేతిలో నా గొడుగు. రెండో చేతిలో చిలకాకుపచ్చ సంచి.

ఆ సంచిని చూసి పడవ వైపు నాలుగడుగులు వేశాను.

ఆ సంచి బాంబూఫ్లాట్ అంతటికీ తెలుసు. రామ్‌ప్రసాద్ తల్లి సత్యవాణి గారు తన పాత పట్టుచీర ఎర్రంచుతో కుట్టుకున్నది. అందులో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. కోడలు పురిటికెళ్ళిన రోజు నుంచీ, కొడుకు హోటల్ కూడు తినకూడదని, ఆవిడ రోజూ వంట చేసి జెట్టీకి వస్తుంది. పడవెక్కుతున్న తెలుగువాళ్ళలో ఎవరు ముందు కనిపిస్తే వాళ్ళ చేతికిస్తుంది. ఇది ఇక్కడి పద్ధతి. బాంబూఫ్లాట్‌లో పడవెక్కే మనిషి ఖాళీ చేతులతో ఎక్కడం అరుదు. ఒకరి ఇడ్లీపిండి, ఒకరి మందులు, ఒకరి చేపలు అవతలికి చేర్చాల్సిందే. కాదన్నవాళ్ళు కారణం చెప్పాలి. కారణం చెబితే అది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. అందుకని ఎవరూ కాదనరు. పైగా సుష్మ షాపు, రామ్‌ప్రసాద్ షాపు ఒకే వరసలో ఉన్నాయి. ఏం చెప్పి కాదంటుంది?

ముక్కూ మొహం దాచుకోవడానికి అన్నీ ఆలోచించుకుంది. చేతికి ఎవరైనా సంచి తగిలిస్తారన్న సంగతి మాత్రం ఆలోచించలేదు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది ఆలోచించాల్సిన విషయంగా కనిపించదు, గాలి పీల్చడంలాగే.

సత్యవాణి గారు వెనక్కి వస్తూ నన్ను చూసింది. "ఏటి మాస్టారూ, ఇలాగొచ్చినారు?"

"అబర్డీన్ దాకా పనుంది. పడవ తప్పిపోయింది."

"అయ్యో, ముందే సెప్తే మీకే ఇద్దును గదా! మా వాడికి పీతల కూరొండినాను. గవరయ్య కూతురుంది గదా, పాపం దాని సేతికి బరువెట్టినాను."

"ఆదివారం షాపు మూసేస్తాడు కదమ్మా రామ్‌ప్రసాద్?"

"మేడ మీదుంటాడు. ఎక్కడికెల్తాడు?"

కొడుకు ఎక్కడికెళ్ళాడో ఆవిడకి తెలియదని అర్థమైంది. సంస్కార సమితివాళ్ళు తమ శౌర్యం ఇంట్లో ఆడవాళ్ళకి ముందుగా చెప్పరు. సుష్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సైలెంటులో పెట్టుకోవాలన్న నియమాన్ని పడవ ఎక్కకముందే పాటించిందన్నమాట. నీలం చుక్క మాత్రం నీళ్ళ మీద నిదానంగా కదులుతోంది.

తర్వాతి పడవలో వెళ్ళాను. టికెట్లు చూసే అబ్బాయి నా వయసు చూసి నీడలో ఉన్న బెంచీ మీది చేపల బుట్ట దింపించి కూర్చోమన్నాడు. అవతలి ఒడ్డున ఛాతం జెట్టీలో దిగి ఆటో పట్టుకున్నాను. బజారు చేరేసరికి డప్పుల చప్పుడు గడియార స్తంభం దాటి దిగువకు పోతోంది. దార్లో రామ్‌ప్రసాద్ దుకాణం ముందు ఆపించాను. షట్టరు దించి ఉంది. మెట్ల తలుపుకి తాళం. మెట్ల మీద రెండు కుక్కలు, ఎవరైనా ఏదైనా పెట్టి వెళ్తారేమోనని ఆశగా చూస్తున్నాయి. సుష్మ ఇక్కడికొచ్చి, తాళం చూసి, కుక్కలను చూసి, క్యారేజీతోనే వెళ్ళిందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

నడుస్తున్నవాళ్ళు వందమంది కూడా ఉండరు. అందులో ముసుగులు లేనివాళ్ళు ముందు నడుస్తున్నారు, పాడుతున్నారు. మిగతావాళ్ళు వెనక. చాలామంది చేతులకి పసుపు రిబ్బన్లున్నాయి. ఫొటో తీయవద్దనుకున్నవాళ్ళు అది కట్టుకోవాలని ఏర్పాటు చేసినవాళ్ళు చెప్పారట. మర్యాద తెలిసినవాళ్ళు చూసి కెమెరా దించుకుంటారని వాళ్ళ నమ్మకం. పాపం, ఆ పిల్లలు లోకాన్ని తమ లెక్కన చూశారు.

రోడ్డుకి ఇవతల టీ దుకాణం రేకు నీడలో మా సమితి నిలబడి ఉంది. రామ్‌ప్రసాద్, మధుబాబు, ఇంకో ముగ్గురు. ఐదుగురి ఫోన్లూ పైకెత్తి ఉన్నాయి. ముసుగు లేని మొహాల మీద వాళ్ళకి ఆసక్తి లేదు. పసుపు రిబ్బను కనిపిస్తే చాలు, అటు తిరుగుతున్నాయి. దాచుకున్నవాళ్ళనే గదా చూడాలి!

"అదిగో, అదిగో, ఆ పొట్టిదాన్ని తియ్యి!" అంటున్నాడు మధుబాబు.

"జూమ్ చెయ్ భయ్యా. కళ్ళు కనిపిస్తే చాలు, నేను పట్టేస్తా," అంటున్నాడు ఇంకొకడు.

అందరి చేతుల్లో టీ గ్లాసులు. సంస్కృతిని కాపాడటం దాహం వేసే పని.

వాళ్ళ ముందు ఒక మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. మాటిమాటికీ టోపీ సరిచేసుకోవడానికి చెయ్యెత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ ఆ మోచెయ్యి ఒక ఫోన్‌కి అడ్డం వస్తోంది. "దీదీ, జరా సైడ్," అంటే "డ్యూటీ," అంటోంది. ఆమె టోపీ అంత వదులుగా ఉందని నేననుకోను.

సుష్మ కనిపించింది. సముద్రం వైపు, చివరి వరసలో. టోపీ, మాస్కు, తండ్రి చొక్కా, గొడుగు బాగా కిందికి దించి పట్టుకుంది. పక్కన పింకీ, మొహం మీద ఏ ముసుగూ లేకుండా, రోడ్డుకీ సుష్మకీ మధ్య గోడలా నడుస్తోంది. అంత జాగ్రత్తగా ఉన్న ఆ పిల్ల కుడిచేతిలో, గొడుగు అంచు కింద, చిలకాకుపచ్చ సంచి ఊగుతోంది. ఊగినప్పుడల్లా ఎర్రంచు ఎండకి మెరుస్తోంది.

సుష్మ నడుస్తున్న తీరు చూసి ఒక క్షణం నేను వచ్చిన పని మరచిపోయాను. డప్పుకి తగ్గట్టు అడుగు పడుతోంది. రోజూ జెట్టీలో తలొంచుకుని వెళ్ళే పిల్ల కాదు అది.

అంతలో రామ్‌ప్రసాద్ ఫోన్ దించాడు. ఉత్త కళ్ళతో చూశాడు. రోజూ తన ఆకలి తీరుస్తున్న సంచిని ఎవడు గుర్తుపట్టడు? టీ గ్లాసు కింద పెట్టి, "అరే, అది మన..." అని రోడ్డు దిగబోయాడు.

నేను అతనికన్నా ముందు రోడ్డు దాటి గుంపులోకి వెళ్ళాను. ఎవరూ అడ్డుపెట్టలేదు. ఎవరో కుర్రాడు "ఆయియే అంకుల్" అని చోటిచ్చాడు.

"మాస్టారూ! మీరెందుకు..." అంది సుష్మ.

"సంచి ఇటివ్వు. ఆగకు. నడుస్తూనే ఉండు."

"దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీలేదు మాస్టారూ, కుక్కలున్నాయి..."

"తెలుసమ్మా. నడువు."

పింకీ సుష్మ భుజం పట్టుకుని గొడుగుతో సహా అటు తిప్పేసింది. జెండా పట్టుకున్న ఇద్దరు పొడుగాటి కుర్రాళ్ళు వెనక ఖాళీని పూడ్చారు. నేను సంచి పట్టుకుని గుంపులోంచి ఇవతలికి, నేరుగా ఫోన్ల ఎదుటికి నడిచాను. ఐదు ఫోన్లూ నా మీదికి తిరిగాయి. నా మొహానికి మాస్కు లేదు. తలకి టోపీ కూడా లేదు.

"మాస్టారండీ! మీరా?" రామ్‌ప్రసాద్ నోరు తెరిచాడు.

"నేనే. మీ అమ్మగారు పంపారు. పీతల కూర. వేడి తగ్గకముందే తిను."

సంచి అందుకున్నాడు. కాని అతని కళ్ళు నా వెనకే ఉన్నాయి. "ఇది ఆ గొడుగు పిల్ల చేతిలో ఉందండీ. నేను చూశాను."

"బరువుగా ఉందని కాసేపు పట్టుకుంది. పెద్దవాళ్ళకి సాయం చేసే పిల్లలు ఇంకా ఉన్నారు."

"లేదండీ." అతని మొహంలో మళ్ళీ ఆ కళ వచ్చింది. పాత వెనక బెంచీ కళ. "మీరు ఇప్పుడు రోడ్డు దాటి వెళ్ళి తీసుకున్నారు. దానర్థం ముందు నుంచీ ఆ పిల్ల దగ్గరే ఉంది. మా అమ్మ ముక్కూ మొహం తెలియనివాళ్ళకి క్యారేజీ ఇవ్వదు. సంఝే, మధూ? అది బాంబూఫ్లాట్ పిల్లే! మన తెలుగు పిల్లే!"

అతని జీవితంలో ఇంత చక్కగా తర్కించడం నేను చూడటం ఇదే మొదటిసారి. పరీక్షలో ఇందులో సగం చేసినా మార్కులు వేసేవాడిని.

"పట్టుకెళ్ళి తిను, రామ్‌ప్రసాద్," అన్నాను.

"తింటానండీ. ముందు అమ్మని అడుగుతాను. ఎవరికిచ్చిందో చెబితే అయిపోతుంది కదా."

ఫోన్ తీసి అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాడు. ఆవిడ సుష్మకే ఇచ్చానని నాతో స్వయంగా చెప్పింది. పడవ వెళ్ళిపోయాక నేను ఒడ్డున నిలబడి ఉండటం కళ్ళారా చూసింది. నేనాడిన అబద్ధం నిలబడటానికి ఎక్కడా ఊతం లేదు. వెనక్కి తిరిగి చూశాను. నా గొడుగు సముద్రం వైపు మలుపు దగ్గర, రెండు జెండాల మధ్య, ఇంకా కనిపిస్తోంది.

"అమ్మా, ఈరోజు క్యారేజీ ఎవరికిచ్చి పంపావ్?"

"ఏటిరా, అందనేదా?" పక్కన పడవ కూత వినిపించింది. ఆవిడ జెట్టీలోనే ఉంది.

"అందింది. ఎవరికిచ్చావో చెప్పు చాలు."

"అదేటా సప్పుడు? ఏదైనా సంబరమా?"

"ఆ రంగుల జెండాల వాళ్ళమ్మా. ఆ గుంపులో మాస్కేసుకున్న పిల్ల చేతిలో మన సంచి ఉంది, నేను చూశాను. మనూరి పిల్లే. పేరు చెప్పావంటే వాళ్ళ నాన్నకి ఇప్పుడే ఫొటో పంపిస్తాను. మేమందరం దానికోసమే వచ్చాం."

డప్పులు దూరమవుతున్నాయి. మధుబాబు కిసుక్కున నవ్వి, మెడ ముందుకు చాచి ఫోన్ దగ్గర చెవి పెట్టాడు. కానిస్టేబుల్ కూడా టోపీ సంగతి మరచిపోయింది.

"మాస్టారికిచ్చినాన్రా," అంది సత్యవాణి గారు.

"ఏ మాస్టారు?"

"మనకెంతమంది మాస్టర్లున్నార్రా? నీకు పాఠం సెప్పిన మాస్టారు. పెద్దాయన, పాపం, మొయ్యలేక ఎవరి సేతికో ఇచ్చుంటారు. అదీ తప్పేనా?"

"కాదమ్మా, ఆయన..."

"నోరుముయ్యి. మేడ మీద కూకుని వేడి వేడిగా తింటావని తెల్లారగట్ట లేచి పీతలు కడిగినాను. రోడ్డు మీద నిలబడి ఎవరి ఆడపిల్లల మొహాలు సూస్తన్నావురా? పక్కన ఆ నవ్వు ఎవరిది, మధుగాడిదా? ఒరే మధూ, నీకూ పనినేదేట్రా?"

మధుబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, స్పీకర్లో ఉంది..."

"ఉండనీ. అందరూ విననీ. నీ పెళ్ళాం పురిటికెల్లిందిరా. రేపు ఆడపిల్ల పుట్టిందనుకో, దాని ఫొటో కూడా తీసి ఊరోళ్ళ ఫోన్లలో తిప్పుతావేట్రా? ముందు తిను. గిన్నెలు మాస్టారికిచ్చి పంపు, రేపటికి నేవు నాకు."

ఫోన్ పెట్టేసింది. కానిస్టేబుల్ అటు తిరిగి నవ్వింది. ఆమెకి తెలుగు వస్తుందని అప్పుడే తెలిసింది.

సమితి అంత తొందరగా చెదిరిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒకడికి చికెన్ తేవాలని గుర్తొచ్చింది. ఇంకొకడికి బండి నో పార్కింగులో ఉందని గుర్తొచ్చింది. రామ్‌ప్రసాద్ టీ దుకాణం బల్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. మొదట కోపంగా తిన్నాడు, తర్వాత మామూలుగా తిన్నాడు. పీత డెక్క పటుక్కున కొరుకుతూ, "మీ ఫొటో మాత్రం గ్రూపులో పెడతానండీ, మాస్టారండీ. ధర్మం ధర్మమే," అన్నాడు. పెట్టుకోమన్నాను. ఏదో ఒకటి పట్టుకుని ఇంటికెళ్ళకపోతే వేటగాడికి నామోషీ.

పెట్టాడు. చూడటానికి బాగానే ఉంది. రంగుల జెండాలు వెనక, నేను ముందు, చేతిలో ఆకుపచ్చ సంచి. కింద "సలహాదారు గారి అసలు రంగు" అని రాశాడు. నేను తిరుగు పడవ ఎక్కేలోపు నన్ను గౌరవ సలహాదారు పదవి నుంచి తొలగించారు. దండం పెడుతున్న చేతుల బొమ్మ కూడా కలిపి పంపారు.

తిరుగు పడవలో సుష్మ దూరంగా, ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. దూరంగా కూర్చోవాలని నేనే చెప్పాను. ఛాతం కుళాయి దగ్గర పింకీ ఆ పిల్ల మొహం తోమి తోమి కడిగి, చొక్కా మార్పించి, సిప్పీఘాట్ బస్సెక్కింది. బస్సు కదిలేదాకా ఇద్దరూ ఏవో సరుకుల గురించి మాట్లాడుకుంటున్నట్టు మొహాలు పెట్టుకున్నారు.

నేను కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. నాకన్నా ముందు నా ఫొటో పడవెక్కింది. గురువమ్మ అనే ఆవిడ, రత్నానికి స్నేహితురాలే, నాకు వినపడేంత మెల్లగా అంది: "రత్నమ్మ పోయాక మనిషికి మతి సలించింది. ఒంటరి బతుకు గదా." నేను కాళ్ళు చాపుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్నవాడికి ఆదివారం పడవలో బెంచీ మొత్తం దొరకడం చిన్న విషయం కాదు. రత్నం ఉంటే పక్కన కూర్చుని గురువమ్మని చూసి చెయ్యూపి పిలిచేది. గురువమ్మ రావలసి వచ్చేది.

జెట్టీలో గవరయ్య స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్. రోజూ కూతుర్ని తీసుకెళ్ళడానికి వస్తాడు. సత్యవాణి గారు పడవ ఆగేచోటే, తాడు కట్టే గుంజ పక్కన నిలబడి ఉంది. క్యారేజీ కోసం ఆవిడ ఎప్పుడూ అంత ముందుకి రాదు.

సుష్మ నాకన్నా ముందు దిగింది. ఎండ పక్కనుంచి పడుతోంది. అప్పుడు చూశాను. ఎడమ చెవి వెనక, జుట్టు మొదట్లో, వేలెడు మేర నీలం, దాని పక్కన గులాబీ రంగు. మొహం మీదివన్నీ కడిగారు గాని, అద్దంలో కనిపించని చోటు ఎవరికీ గుర్తు రాలేదు. గవరయ్య కూతుర్ని చూసి ఎదురొస్తున్నాడు. నాకూ సుష్మకీ మధ్య పదిమంది జనం ఉన్నారు. పిలిస్తే అందరూ తిరిగి చూస్తారు.

"ఇలా రాయే," అని సత్యవాణి గారు సుష్మ రెక్క పట్టుకుని తనవైపు లాక్కుంది. "పడవలో ఎక్కడ కూకున్నావు? సెవి ఎనకంతా పెయింటే!" కొంగు చివర నాలికతో తడి చేసి, చిన్నపిల్లకి తుడిచినట్టు గట్టిగా, రెండు మూడుసార్లు తుడిచింది. కొంగు మీద పడిన రంగు లోపలికి మడిచి నడుములో దోపుకుంది.

"ఏటైందత్తా?" అన్నాడు గవరయ్య దగ్గరికొచ్చి.

"ఏటవుద్ది? పడవల కమ్మీలకి రంగులేస్తారు, ఆరిందో లేదో సూడరు. పిల్లని తీసుకెల్లు, ఆకలేస్తంటది."

గవరయ్య తలూపి నావైపు తిరిగాడు. ఫోన్ చూపించాడు. "మాస్టారూ, ఇది మీరేనా?"

"నేనే గవరయ్యా."

"మీరేటి, అక్కడ?"

"ఎండగా ఉంది. వాళ్ళ దగ్గర గొడుగులున్నాయి."

ఫొటో వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. ఏదో అడగబోయి, పెద్దవాణ్ణని మానుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సుష్మ వెనకాల ఎక్కి కూర్చుంది. స్కూటర్ మలుపు తిరుగుతుంటే ఆ పిల్ల చెయ్యి ఒకసారి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదని చూసుకుని, గొడుగుని ఒళ్ళో పెట్టుకుంది. అది నా గొడుగని అడగబోయి ఊరుకున్నాను. మళ్ళీ ఏడాదికి ఆ పిల్లకి కావాలి గదా.

సత్యవాణి గారికి సంచి అందించాను. "అమ్మా, మీరు ఫోన్లో..." అన్నాను.

"ఫోనేటి? నాకు ఫోనులో సరిగ్గా ఇనపడదు," అందావిడ. "రేపట్నుంచి మీరు అటెల్తే సెప్పండి మాస్టారూ, క్యారేజీ మీకే ఇస్తాను. ఆ పిల్లని ఖాళీ సేతుల్తో ఎల్లనివ్వండి."

ఆ మాట అంటూనే క్యారేజీ బయటికి తీసి మూత విప్పింది. అడుగు గిన్నెలో ఎండిపోయిన మసాలా, దాంట్లో పీత గుల్లలు, నలిపి పడేసిన టీ దుకాణం కాగితం. పై గిన్నెల్లో అన్నం మెతుకులు అంటుకుపోయి ఉన్నాయి.

"కడగనైనా నేదు," అంది. "సంస్కార సమితి కార్యదర్శట."

గిన్నె జెట్టీ అంచుకి కొట్టి, గుల్లలన్నీ సముద్రంలోకి విదిలించింది.